ఆదివారం జరిగిన వైవా

ఉపకులపతి గారు ఎక్కడో కొండమీది చల్లని ఊళ్లో జరిగిన సమయపాలన సదస్సుకు వెళ్లి, రావాల్సిన రోజున కాకుండా మరో రెండు రోజులు ఆలస్యంగా తిరిగొచ్చారు. వస్తూనే, తమ విశ్వవిద్యాలయంలో ఎవరికీ కాలం విలువ తెలియదని కనిపెట్టారు.

సరిగ్గా ఆ రోజే కోటేశ్వరి తన పీహెచ్‌డీ వైవా కోసం దరఖాస్తు పట్టుకుని పరిపాలనా భవనం మెట్లెక్కింది. ఒక వారం ముందు ఎక్కి ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఎక్కింది కూడా. కానీ ఆ వారం దరఖాస్తులు తీసుకునే గుమాస్తా మరదలి పెళ్లికి వెళ్లాడు.

కోటేశ్వరి పరిశోధన పశువుల సంతల మీద. సంతల్లో ఎద్దుల్నీ గేదెల్నీ బేరం కుదిర్చే దళారులు, అమ్మేవాడికీ కొనేవాడికీ అర్థం కాకుండా తమలో తాము మాట్లాడుకునే మారుభాష ఒకటుంది. ఆరేళ్లపాటు ఆమె ఆ భాష వెంట తిరిగింది. తండ్రి పేరయ్య పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు. సంత రోజున మందుల పెట్టె ముందూ, కూతుర్ని వెనకా పెట్టుకుని మోపెడ్ మీద తీసుకెళ్లేవాడు. మొదట్లో దళారులు ఆమెను చూస్తే నోరు మెదిపేవాళ్లు కాదు. పేరయ్య కూతురని తెలిశాక ఒక్కొక్కరే మాట విప్పారు. ఎండలో ఎండి, పేడలో నడిచి, ఆమె రాసిన గ్రంథాన్ని బయటి పరీక్షకులు చదివి బాగుందని రాసి పంపారు. ఇక మిగిలింది వైవా ఒక్కటే. ముగ్గురు పెద్దలు బల్లకు అటువైపు కూర్చుని, ఇటువైపు కూర్చున్న ఆమెను కాసేపు ప్రశ్నలు అడగాలి. అంతే.

పక్క జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు ఆమెకు లెక్చరర్ ఉద్యోగం ఇస్తామన్నారు. వేసవి సెలవులు అయ్యేలోగా పట్టా చూపించాలి. చూపించకపోతే జాబితాలో రెండో పేరువాడికి ఉద్యోగం ఇచ్చేస్తారు. ఆ రెండో పేరువాడు అప్పుడే ఆ ఊళ్లో అద్దె ఇల్లు చూసుకుంటున్నాడని కూడా ఆమె చెవిన పడింది.

ఉద్యోగం సంగతి అందరికీ తెలిసిందే. ఎవరికీ చెప్పుకోని కోరిక ఇంకొకటుంది ఆమెకు. ఇన్నేళ్లలో తన పరిశోధన గురించి ఒక్కరంటే ఒక్కరు సరైన ప్రశ్న అడగలేదు. బంధువులు "గేదెల మీద డాక్టరా?" అని నవ్వారు. గైడు గారు అక్షరదోషాలు దిద్దారు. కనీసం వైవాలోనైనా ఎవరో ఒకరు అడుగుతారు, తను చెబుతుంది. ఆ జవాబుల్ని వంటింట్లో పప్పు రుబ్బుతూ ఎన్నిసార్లు చెప్పుకుందో ఆమెకే తెలియదు.

పూర్వం ఆ విశ్వవిద్యాలయంలో వైవా తేదీ నిర్ణయించడం పెద్ద పనేం కాదు. గైడు గారు వరండాలోకి వచ్చి, "ఏమండీ, గురువారం ఖాళీయేనా?" అని ఒక కేక వేసేవారు. అవతలి గదిలోంచి "ఖాళీయే" అని వినబడేది. తేదీ ఖాయమయ్యేది. ఇంత అనాగరికమైన పద్ధతిలో అన్నేళ్లు పట్టాలు ఎలా ఇచ్చారో తలుచుకుంటే ఉపకులపతి గారికి ఒళ్లు గగుర్పొడిచింది.

ఆయన సెనేట్ హాలులో అందర్నీ కూర్చోబెట్టి ప్రసంగించారు.

"కాలం ఒక వనరు. వనరును మనం నిర్వహించకపోతే, వనరు మనల్ని నిర్వహిస్తుంది. మన దగ్గర ఒకరు గోడ క్యాలెండరు మీద పాల లెక్కల పక్కన రాసుకుంటున్నారు, ఒకరు అరచేతిలో రాసుకుంటున్నారు, కొందరు భార్యల్ని అడిగి తెలుసుకుంటున్నారు. ఇకపై విశ్వవిద్యాలయానికి ఒకే కాలం ఉంటుంది. అది డిజిటల్ కాలదర్శినిలో ఉండాలా, ముద్రిత కాలదర్శినిలో ఉండాలా అన్నది మాత్రమే మన ముందున్న ప్రశ్న."

ఫోనులో ఉండే క్యాలెండరును డిజిటల్ కాలదర్శిని అన్నారు. అట్టవేసిన డైరీని ముద్రిత కాలదర్శిని అన్నారు. పేర్లు పెట్టేసరికే సగం పని అయిపోయినంత తృప్తి సభలో కనిపించింది.

ఈ ప్రశ్న తేల్చడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ సమావేశానికి సగం మంది ఫోనులో చూసుకుని ఒకరోజు, మిగతా సగం డైరీలో చూసుకుని మరొకరోజు వచ్చారు. అయినా రెండు రోజులూ టీ, సమోసా ఖర్చయ్యాయి కాబట్టి, కమిటీ రెండుసార్లు సమావేశమైనట్టే లెక్క. మొదటి సమావేశం డైరీ దండగని తీర్మానించింది. రెండోది ఫోను దండగని తీర్మానించింది. ఉపకులపతి గారు రెండు తీర్మానాల్నీ ఆమోదించి, ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకోవచ్చనీ, అయితే ఒకసారి ఎంచుకున్నాక సర్వీసు మొత్తంలో మార్చుకోవడానికి వీల్లేదనీ ఉత్తర్వు వేశారు.

సర్వీసు మొత్తంలో మార్చుకోవడానికి వీల్లేదు అనగానే ఉద్యోగులకు గుండెల్లో రాయి పడింది. అంత గట్టిగా అన్నారంటే ఇందులో పెన్షనుకు సంబంధించిన మెలిక ఏదో ఉండే ఉంటుందనుకున్నారు. ఏది తీసుకుంటే రిటైరయ్యాక లాభమో కనుక్కోవడానికి ఆడిట్ ఆఫీసు చుట్టూ తిరిగారు. డిజిటల్ తీసుకున్నవాళ్లను ఊరి బయటి క్యాంపస్‌కు బదిలీ చేస్తారని ఒక పుకారు పుట్టింది. డైరీ తీసుకున్నవాళ్లకు ఏటా ఒక పెన్ను ఉచితమని ఇంకొకటి పుట్టింది. ఆ రెండోది నమ్మినవాళ్లే ఎక్కువ.

కోటేశ్వరి గైడు ప్రొఫెసర్ దక్షిణామూర్తి డైరీ ఎంచుకున్నారు.

"కాగితం మీద రాసింది చెరగదమ్మా. ఫోనులో ఛార్జింగ్ అయిపోతే కాలమే అయిపోతుంది. అటువంటి కాలాన్ని నమ్ముకుని నేను వైవాలు చేయిస్తానా?" అన్నారు.

వైవాకు అధ్యక్షత వహించాల్సిన డీన్, ప్రొఫెసర్ వకుళాదేవి, డిజిటల్ ఎంచుకున్నారు.

"మీ గైడు గారు ఇంకా పుస్తకంలో రోజులు వెతుక్కుంటున్నారా? నా టైమంతా క్లౌడ్‌లో ఉంది. అక్కడికి పంపించమనండి," అన్నారు.

ఇద్దరి గదులకూ మధ్య ఉన్నది ఒక గోడ. అప్పటిదాకా ఆ గోడకు అటూ ఇటూ కేకలు వేసుకున్న మనుషులు, ఇప్పుడు పక్కవాళ్లకు వినబడుతుందేమోనని గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. క్యాంటీన్‌లో కూడా ఫోనువాళ్లు ఫ్యాన్ కింద, డైరీవాళ్లు కిటికీ పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు.

రెండు కాలాల్నీ కలపడానికి కాల సమన్వయ విభాగం అని కొత్త విభాగం తెరిచారు. సూపరింటెండెంట్ భూషణాన్ని దానికి అధిపతిగా వేశారు. అంతకుముందు భూషణం పోయిన తాళంచెవుల విభాగంలో పనిచేశాడు. ఆ అనుభవం ఇక్కడ పనికొస్తుందని పై అధికారులు భావించారు.

కోటేశ్వరి దరఖాస్తు అతని బల్ల మీదికి వచ్చింది.

"మీ వైవా రెండు దర్శినుల్లోనూ ఎక్కాలి మేడమ్," అన్నాడు భూషణం. "డిజిటల్లో ఎక్కాలంటే డైరీ పేజీ నంబరు కావాలి. డైరీలో ఎక్కాలంటే డిజిటల్ నమోదు సంఖ్య కావాలి."

"ముందు ఏదో ఒకదాంట్లో ఎక్కించండి సార్."

"ముందు అంటే?" భూషణం కళ్లజోడు తీసి ఆమెను జాలిగా చూశాడు. "రెండూ సమానమని ఉత్తర్వు ఉంది. ఒకదాన్ని ముందు చేశామంటే రెండోదాన్ని వెనక పెట్టినట్టే కదా. యూనియన్లు ఊరుకుంటాయా?"

"మరి ఎలా సార్? సెలవులు అయ్యేలోగా పట్టా చూపించాలి."

"అందుకేగా విభాగం పెట్టింది. ఏకకాల నమోదు చేస్తాం."

ఏకకాల నమోదు చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఒక బల్లకు అటు కంప్యూటర్ గుమాస్తా, ఇటు డైరీ గుమాస్తా ఎదురెదురుగా కూర్చున్నారు. భూషణం మధ్యలో నిలబడి గడియారం చూసి, "ఊఁ" అన్నాడు. పెళ్లిపీటల మీద జీలకర్రా బెల్లం పెట్టినట్టు ఇద్దరూ ఒక్కసారే కానిచ్చెయ్యాలి. డైరీ గుమాస్తా ఇట్టే రాసేశాడు. కంప్యూటర్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. నమోదు చెల్లలేదు. డైరీలో రాసింది కొట్టేసి, కొట్టివేతకు కారణం రాసి, మళ్లీ కూర్చున్నారు. ఈసారి డైరీ గుమాస్తాను కంప్యూటర్ వేగానికి తగ్గట్టు నిదానంగా రాయమన్నారు. అతను అక్షరానికీ అక్షరానికీ మధ్య ఆగి ఆవులించాడు. కరెంటు పోయింది. ఆ వారమంతా అలాగే గడిచాక, ఒక మధ్యాహ్నం ఇద్దరూ కలిసి ఊపిరి బిగబట్టి పూర్తిచేశారు. భూషణం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కోటేశ్వరి కూడా ఆ ముగ్గురికీ చేతులెత్తి దణ్ణం పెట్టింది.

వైవా శుక్రవారం పడింది. ఆమె అదే పరుగున గైడు గారి దగ్గరికి వెళ్లింది. దక్షిణామూర్తి గారు డైరీ తెరిచి, పేజీ అడుగున వేలు పెట్టి, నాలుక కరుచుకున్నారు.

"రాహుకాలంలో పెట్టారు కదమ్మా. ఆరేళ్లు కష్టపడి రాహుకాలంలో వైవాకు కూర్చుంటావా? నీ మంచికే చెబుతున్నాను," అన్నారు. శుక్రవారం వైవా అలా తప్పిపోయింది.

ఇది ప్రెస్సువాళ్ల పుణ్యం. విశ్వవిద్యాలయం ప్రెస్సులో ఏటా ఉగాదికి గోడ క్యాలెండరు వేస్తారు. డైరీ వేయమనేసరికి, వాళ్లు చేయి అలవాటుగా ప్రతి తేదీ కిందా రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం వేసేశారు. తేదీ వేసి కింద వర్జ్యం వేయకుండా వదిలేస్తే వాళ్లకు చెప్పులు లేకుండా వీధిలోకి వచ్చినట్టుంటుంది. వేసినవాళ్లు ఏమీ అనుకోలేదు, చూసినవాళ్లూ ఏమీ అనుకోలేదు. కానీ అచ్చయింది ఉపకులపతి గారి ముందుమాటతో సహా విశ్వవిద్యాలయం అధికారిక కాలదర్శినిలో. కాబట్టి అది అధికారికం అయింది. డైరీవాళ్లు మరునాటి నుంచి రాహుకాలంలో ఫైలు ముట్టుకోవడం మానేశారు. కొందరు నిష్ఠాపరులు వర్జ్యంలో కూడా మానేశారు.

ఫోనువాళ్లు భగ్గుమన్నారు. తామూ అదే జీతానికి పనిచేస్తున్నామనీ, తమకు రాహుకాలం ఎందుకు వర్తించదనీ, వర్జ్యం విషయంలో ఈ వివక్ష ఏమిటనీ పరిపాలనా భవనం ముందు బైఠాయించారు. డీన్ వకుళాదేవి గారు జీవితంలో ఎన్నడూ పంచాంగం తెరిచి చూసినవారు కారు. అయినా హక్కు హక్కే కాబట్టి ఆవిడే మైకు పట్టుకున్నారు.

ఉపకులపతి గారు కదిలిపోయారు. డిజిటల్ కాలదర్శినిలో కూడా నిషిద్ధ సమయాల్ని చేర్చమని ఆ యంత్రం తయారుచేసిన కంపెనీకి ఆజ్ఞాపించారు. కంపెనీ కుర్రాళ్లు తమకు దొరికిన పంచాంగం ఒకటి తెచ్చి ఎక్కించారు. అది ప్రెస్సువాళ్లు వాడిన పంచాంగం కాదు. మన రాష్ట్రంలో ఒకే పండుగను ఇద్దరు సిద్ధాంతులు రెండు రోజులు చేయించడం తెలియనివారెవరు? డైరీలో వర్జ్యం అయిపోయిన చోట ఫోనులో వర్జ్యం మొదలైంది. ఫోనులో దుర్ముహూర్తం లేనప్పుడు డైరీలో ఉంది.

ఏ పంచాంగం సరైనదో తేల్చడానికి మరో కమిటీ వేద్దామని రిజిస్ట్రారు అన్నారు. ఉపకులపతి గారు వద్దన్నారు. ఆయనకు ఎవరి మనసూ నొప్పించడం ఇష్టం లేదు.

"రెండింటిలో ఏ ఒక్కదానిలో నిషిద్ధమైనా, రెండింటిలోనూ నిషిద్ధమే," అని ఉత్తర్వు వేశారు. "సమగ్రత అంటే అదే."

దీంతో రోజులో మిగిలిన సమయం ఏమిటని భూషణం లెక్కగట్టాడు. పొద్దున ఆఫీసు తెరవకముందు కొంచెం ఉంది. సాయంత్రం మూసేశాక పుష్కలంగా ఉంది. మధ్యలో టీ వేళా, భోజనం వేళా శుభ్రంగా ఖాళీగా ఉన్నాయి కానీ, ఆ వేళల్లో పని చెప్పరాదని యూనియన్లతో ఎన్నడో ఒప్పందం కుదిరింది. మిగతా ఆఫీసు వేళంతా ఏదో ఒక సిద్ధాంతి ప్రకారం పనికి పనికిరానిదే. విశ్వవిద్యాలయ చరిత్రలో ఉద్యోగులు ఇంత నియమబద్ధంగా పనిచేయకుండా ఉన్నది అప్పుడేనని అందరూ ఒప్పుకున్నారు.

కోటేశ్వరి రోజూ వచ్చి విభాగం బయట బెంచీ మీద కూర్చునేది. వేసవి సెలవులు కరిగిపోతున్నాయి. డిగ్రీ కాలేజీ నుంచి ప్రిన్సిపాల్ గారు ఫోను చేసి, "ఏమ్మా, మీకు ఉద్దేశం ఉందా లేదా?" అని మర్యాదగానే అడిగారు. రెండో పేరువాడు ఆ ఊళ్లో ఇంటికి అడ్వాన్సు ఇచ్చేశాడని ఆ సాయంత్రమే తెలిసింది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. పేరయ్య కూతురి పక్కన కూర్చుని, "నేనొచ్చి మాట్లాడనా తల్లీ?" అన్నాడు. "నువ్వేం మాట్లాడతావు నాన్నా, వాళ్లు పశువులు కాదుగా," అంది. అన్నాక, తండ్రి మీద విసుక్కున్నందుకు ఆమెకే ఏడుపొచ్చింది.

మర్నాడు భూషణం బెంచీ దగ్గరికి తనంతట తానే నడిచి వచ్చాడు. అతని మొహం వెలిగిపోతోంది.

"దొరికింది మేడమ్. యంత్రమే దొరికించింది. ముగ్గురు పెద్దలూ ఖాళీ, రెండు పంచాంగాల ప్రకారమూ నిర్దోషం, ఏ యూనియన్‌కూ అభ్యంతరం లేదు. ఆదివారం పొద్దున."

"ఆదివారం ఆఫీసు ఉండదు కదా సార్?"

"ఉండదు. అందుకే అందరూ ఖాళీ."

"మరి వస్తారా?"

"వస్తారా అంటే ఏమిటి మేడమ్, రెండు దర్శినుల్లోనూ ఎక్కింది. బయటి పరీక్షకులు కూడా ఫోనులో 'సరే' నొక్కారు. ఆయన దేనికైనా 'సరే' నొక్కుతారు, చాలా మంచివారు. డీన్ గారి తరఫున యంత్రం తనే నొక్కింది. మీ గైడు గారి డైరీలో మా గుమాస్తా ఎక్కించి వచ్చాడు."

ఏకకాల నమోదు ఈసారి మొదటి "ఊఁ"కే అయిపోయింది. అది శుభసూచకమని విభాగమంతా చెప్పుకున్నారు.

ఆదివారం పొద్దున కోటేశ్వరి జరీ అంచు చీర కట్టుకుని, గ్రంథం నాలుగు ప్రతులు సంచిలో పెట్టుకుని బయల్దేరింది. పేరయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని మోపెడ్ తీశాడు. విశ్వవిద్యాలయం గేటు తెరిచే ఉంది. డిపార్ట్‌మెంట్ భవనానికి మాత్రం తాళం వేసి ఉంది. కూతుర్ని మెట్ల మీద కూర్చోబెట్టి, పేరయ్య ఎదురుగా వేపచెట్టు నీడన మోపెడ్ స్టాండు వేసుకుని నిలబడ్డాడు. పరీక్ష జరిగే చోట దగ్గరగా నిలబడకూడదని ఆయన ఉద్దేశం.

కాసేపటికి వాచ్‌మన్ వచ్చాడు. "ఇయ్యాల ఎవరూ రారమ్మా, ఎవరు రమ్మన్నారు?" అని అడిగాడు. వైవా అని చెబితే తలూపి, మంచినీళ్లు తెచ్చిచ్చి వెళ్లిపోయాడు. ఆమె గైడు గారికి ఫోను చేసింది. ఎత్తలేదు. డీన్ గారికి చేసింది. ఆదివారాలు ఫోను మోగకుండా కాలదర్శినే కట్టేస్తుందట. ఆమె ఒడిలో గ్రంథం తెరిచి, మొదటి అధ్యాయం మీద ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో మరోసారి చూసుకుంది. తర్వాత రెండో అధ్యాయం చూసుకుంది. మూడోది చూసుకునేసరికి ఎండ మెట్ల మీదికి వచ్చింది.

అప్పుడు ఆమె ఫోను టింగుమంది. సందేశం ఇలా ఉంది: "అభినందనలు. మీ వైవా విజయవంతంగా ముగిసింది. మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

సోమవారం ఆమె ఆఫీసు తెరవకముందే గైడు గారి గది ముందు నిలబడింది. దక్షిణామూర్తి గారు నవ్వుతూ వచ్చారు.

"రావమ్మా డాక్టరు గారూ. నిన్న బాగా చెప్పావు."

"సార్, నిన్న మీరు రాలేదు."

దక్షిణామూర్తి గారు కొంచెం నొచ్చుకున్నారు. డైరీ తెరిచి ఆమె ముందుకు తోశారు. "ఇదుగో చూడు. ఆదివారం, వైవా. పక్కన 'జరిగినది' అని ఉంది. పొద్దునే భూషణం విభాగం గుమాస్తా ఇంటికొచ్చి ఎక్కించి వెళ్లాడు."

"అది వాళ్లు రాసింది సార్. కానీ మీరు ఇంట్లోనే ఉన్నారు కదా? గుర్తు తెచ్చుకోండి."

"నా జ్ఞాపకం మీద నాకు నమ్మకం లేకే కదమ్మా డైరీ పెట్టుకున్నది?" అన్నారాయన. ఆయన గొంతులో కపటం లేదు. "నిన్న పనసపొట్టు కూర తిని పడుకున్నట్టే గుర్తు. కానీ ఇక్కడ ఇలా ఉంది. ఒక ప్రొఫెసరుగా నేను దేన్ని నమ్మాలి, చెప్పు?"

డీన్ గారు అంత దూరం కూడా పోలేదు. తెర తిప్పి చూపించారు. ఆవిడ పేరు పక్కన పచ్చటి టిక్కు ఉంది. "సిస్టమ్ చూపిస్తోంది కదా. నేను హాజరయ్యాను. ఎర్రగా ఉంటే రానట్టు," అని వివరించారు.

నివేదిక కూడా దానంతట అదే తయారై ఉంది. అభ్యర్థి ప్రశ్నలన్నింటికీ సంతృప్తికరంగా సమాధానాలు ఇచ్చారనీ, అధ్యక్షులు అభినందించారనీ అందులో ఉంది. కంపెనీ కుర్రాళ్లు అన్ని వైవాలకూ ఒకటే నివేదిక పెట్టారు. పాత నివేదికలు చదివి, అవన్నీ ఒకేలా ఉండటం చూసి, శ్రమ తగ్గించారు.

కోటేశ్వరి తిన్నగా ఉపకులపతి గారి దగ్గరికి వెళ్లింది. అక్కడ అప్పటికే పండుగ వాతావరణం ఉంది. కాలదర్శినులు మొదలుపెట్టినప్పటి నుంచి రెండూ ఏ తేడా లేకుండా ఒప్పుకున్న మొట్టమొదటి కార్యక్రమం ఆమె వైవాయే. పత్రికలకు పంపడానికి ప్రకటన తయారవుతోంది. ఆమెను చూడగానే ఆయన లేచి నిలబడ్డారు.

"మీరు చరిత్ర సృష్టించారమ్మా."

"సార్, వైవా జరగలేదు. ఎవరూ రాలేదు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. దయచేసి నిజంగా ఒకసారి పెట్టించండి."

ఆయన ఆమెను కూర్చోమని చెప్పి, చాలా ఓపికగా మాట్లాడారు. "చూడండి. డిజిటల్ జరిగిందంటోంది. ముద్రితం జరిగిందంటోంది. ఒకదానికొకటి పడని రెండు వ్యవస్థలు ఒక్క మాట మీద నిలబడ్డాయి. మీరొక్కరు జరగలేదంటున్నారు. మీ దగ్గర ఏ దర్శిని ఉంది?"

"నేను అక్కడ ఉన్నాను సార్."

"అదే కదా మేమూ అంటున్నది. మీరు ఉన్నారు, హాజరయ్యారు." ఆయన కాస్త గొంతు తగ్గించారు. "రద్దు చేయమంటే చేస్తాను. నాకేం పోయింది. రెండింటిలోనూ ఏకకాలంలో రద్దు చేయాలి, దానికి మళ్లీ నిర్దోష సమయం దొరకాలి. తర్వాత కొత్తది పెట్టాలి. మీ కాలేజీ వాళ్లు అంతకాలం ఆగుతారా?"

ఆగరని ఇద్దరికీ తెలుసు. ఇల్లు అడ్వాన్సు ఇచ్చినవాడికి ఇంకా బాగా తెలుసు.

భూషణం హాజరు పత్రం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. గైడు గారు సంతకం చేసి ఉన్నారు, డీన్ గారు చేసి ఉన్నారు, బయటి పరీక్షకులది ఫోనులోంచి వచ్చింది. కోటేశ్వరి చాలాసేపు కలం పట్టుకుని కూర్చుంది. ఆ కాగితం మీద అబద్ధం కాకుండా ఉండే సంతకం ఆమెది ఒక్కటే. అదే ఆమెకు అన్నిటికన్నా పెద్ద అబద్ధంలా అనిపించింది. వరండాలో ఎవరో ఆమె కోసం శాలువా పట్టుకుని నిలబడ్డారు. ఆమె సంతకం చేసింది.

పట్టా ఆ మధ్యాహ్నమే ఇచ్చేశారు. అంత వేగంగా పట్టా ఇవ్వడం కూడా కాలదర్శినుల ఘనతేనని ప్రకటనలో మరో వాక్యం చేర్చారు.

ఇంటికి వచ్చేసరికి పేరయ్య వాకిట్లోనే ఉన్నాడు. పట్టా ఇచ్చారని కూతురు ఫోను చేయగానే ఆస్పత్రికి సెలవు పెట్టి, పక్కింటివాళ్లకు పంచడానికి మిఠాయి తెచ్చి పెట్టాడు. శాలువా చూసి దాన్ని ముట్టుకుని చూశాడు. పట్టాను కళ్లకద్దుకున్నాడు. చదవబోయి, కళ్లజోడు లేక మళ్లీ కూతురి చేతికే ఇచ్చాడు.

"నిన్న ఆదివారమని ఎవరూ రాలేదు కదా, ఇయ్యాల పెట్టారా తల్లీ? ఏమేం అడిగారు?"

కోటేశ్వరి అబద్ధం చెబుదామనుకుంది. చెప్పడానికి ప్రశ్నలు కూడా ఆమె దగ్గర బోలెడున్నాయి. కానీ నోరు రాలేదు. జరిగిందంతా చెప్పింది. గైడు గారి డైరీ సంగతీ, డీన్ గారి పచ్చ టిక్కు సంగతీ, నిన్న ఆ ముగ్గురూ అక్కడే ఉన్నట్టు రాసుకున్న సంగతీ చెప్పింది. ఉద్యోగం పోతుందని సంతకం పెట్టానని కూడా చెప్పింది. చెబుతూ మధ్యలో ఏడ్చింది.

పేరయ్య ఆమె తల నిమిరాడు. సంతకం పెట్టింది మంచి పనేనన్నాడు. ఉద్యోగం ఉద్యోగమేగా అన్నాడు. కొంచెంసేపు మిఠాయి పొట్లం దారం చుడుతూ, విప్పుతూ కూర్చున్నాడు. తర్వాత నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగాడు.

"మరి నిన్న చెట్టు కింద మొదట్నించీ చివరిదాకా నిలబడింది నేనేగా అమ్మా. వాళ్లందరూ ఉన్నట్టు రాసుకున్నారు కదా, నేనున్నట్టు ఎక్కడన్నా రాశారా?"

ఆ వైవా మొత్తం మీద ఆమెను అడిగిన ప్రశ్న అదొక్కటే.